మిల్లు కాగితం చివరి పేజీ

సంపాదకులకు నమస్కారం.

మొన్న మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమాని ఒకాయన ఎగుమతి ఒప్పందం పట్టుకొచ్చారు. ధర, తేమ, నూకల శాతం అన్నీ ఆయనకు నోటికొచ్చు. చివరి పేజీలో మాత్రం చిన్న అక్షరాల్లో ‘వివాదం వస్తే సింగపూర్‌లో ఆర్బిట్రేషన్’ అని ఉంది. దానిమీద వేలు పెట్టి, "ఇదేంది సార్?" అన్నారు. చెప్పడానికి తడబడ్డాను. మా లా కాలేజీలో ఈ సబ్జెక్టును పరీక్షల ముందు వారంలో ముగించేశారు మరి.

పెద్దమనుషుల పంచాయితీ మన ఊళ్లకు తెలిసిందే. ఆర్బిట్రేషన్‌లోనూ ఇరుపక్షాలు ఒప్పుకున్న మనిషే తీర్పు చెబుతాడు. కానీ మన దేశంలోని 1996 ఆర్బిట్రేషన్ చట్టం కింద ఆ తీర్పును కోర్టు డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. 1958 న్యూయార్క్ అంతర్జాతీయ ఒప్పందంలో చేరిన దేశాల్లో విదేశీ ఆర్బిట్రేషన్ తీర్పులూ చెల్లుతాయి; మన దేశమూ, సింగపూరూ అందులో ఉన్నాయి. అంటే సింగపూర్ తీర్పు మిర్యాలగూడ మిల్లు గుమ్మం దాకా వస్తుంది.

2021 డిసెంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం మొదలైంది. ఈ రంగంలో పేరున్న లాయర్లు చాలామంది కేసులు వాదిస్తూనే పాఠాలూ చెబుతారు. అలాంటివారు నెలకొక్కసారైనా నల్లగొండ, పాలమూరు విద్యార్థులకు క్లాసు చెప్పేలా ప్రభుత్వం చూడాలి. పుస్తకంతో పాటు ఇలాంటి అసలు ఒప్పందం ఒకటి ముందు పెట్టి చెప్పాలి.

- ఒక జూనియర్ న్యాయవాది, మిర్యాలగూడ