అల్లిక సంఘం వార్షిక నివేదిక: ఊలు లేకుండా ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం తరఫున అల్లే ప్రతిదీ మొక్కల నుంచి వచ్చిన దారంతోనే అల్లాలని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఊలు తగిలితే ఒళ్లంతా దురద పెట్టేవాళ్లు మనలో కొందరున్నారు. గొర్రెల విషయంలో మనసొప్పనివాళ్లూ ఉన్నారు. ఈగల బెడద తప్పించడానికి మెరినో గొర్రెల తోక చుట్టూ చర్మం కోసేసే మ్యూల్సింగ్‌ను న్యూజిలాండ్ 2018లో నిషేధించిన సంగతి ఆ రోజు చర్చకొచ్చాకే చాలామంది చేతులెత్తారు.

మొదటి మూడు నెలలూ మాత్రం బాగా ఇబ్బంది పడ్డాం. ఊలు కోసం రాసిన నమూనాలనే తీసుకుని, అవే కొలతలతో పత్తి నూలు ఎక్కించాం. ఒక సభ్యురాలు నెలన్నర కూర్చుని అల్లిన కార్డిగన్‌ను హ్యాంగరుకు తగిలించి, వారం తర్వాత తీసి వేసుకుంది. నడుం దగ్గర ఆగాల్సిన అంచు తొడల మీదికి దిగింది, చేతి పట్టీలు వదులై వేళ్లను కప్పేశాయి. ఆవిడ అల్లికలో ఏ లోపమూ లేదు. ఊలు పోగు పుట్టుకతోనే మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి లాగితే సాగుతుంది, వదిలితే దగ్గరికొస్తుంది. పత్తి పోగుకు ఆ గుణం లేదు. పైగా బరువెక్కువ: ఘన సెంటీమీటరు ఊలు 1.31 గ్రాములు తూగితే పత్తి 1.54 గ్రాములు తూగుతుంది.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. అల్లే ముందు అరచేతికి రెండింతల ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, కింద క్లిప్పులు తగిలించి రెండు రోజులు వేలాడదీశాకే కొలత తీస్తున్నాం. అంచు పట్టీలకు రెండు సైజులు సన్నటి సూదులు వాడుతున్నాం. రిబ్‌లో, అంటే అంచు పట్టీల నిలువు చారల అల్లికలో, నిట్ కుట్లను (సూటి కుట్లను) వెనక వైపు నుంచి అల్లితే పట్టు ఇంకాస్త నిలుస్తోంది. ఒంటి ముక్కగా కాకుండా విడి భాగాలుగా అల్లి కుడితే, భుజాల దగ్గరి కుట్టే బరువు మోస్తుంది. పూర్తయినవాటిని తగిలించకుండా మడతపెట్టి ఉంచండి. సాగని దారంతో మణికట్టు త్వరగా నొప్పెడుతుంది, మధ్యమధ్య చేతులకు విశ్రాంతినివ్వండి.

నాకు ఈ ఏడాది దొరికిన ఆనందం అవిసె నార. మొదటి రోజు పురికొసతో అల్లుతున్నట్టే ఉంది, కుట్లు ఒకటి పెద్దది ఒకటి చిన్నది. విప్పేద్దామనుకుని కూడా ఒకసారి ఉతికి చూశాను. కుట్లు సర్దుకున్నాయి. అయిదారు ఉతుకులకు ఆ గరుకు పోయి, పాత పంచెలా మెత్తబడింది. తడిస్తే ఈ నార బలం పెరుగుతుంది కాబట్టి ఉతకడానికి భయపడనక్కర్లేదు.

వెదురు దారం మీద వాదన గట్టిగానే జరిగింది. చేతికి పట్టులా జారే ఆ మెత్తదనం అందరికీ నచ్చింది. అయితే వెదురు పేరుతో దొరికే దారంలో ఎక్కువ భాగం విస్కోసే. అంటే వెదురు గుజ్జును కాస్టిక్ సోడా, కార్బన్ డైసల్ఫైడ్‌లతో కరిగించి పోగు తీస్తారు. తడిస్తే దాని బలం బాగా తగ్గుతుంది, పిండకండి. లయోసెల్ అనే దారం కూడా చెక్క గుజ్జు నుంచి వచ్చేదే అయినా, కరిగించిన ద్రావకాన్ని దాదాపు మొత్తం తిరిగి పట్టి వాడతారు. అందుకే కమిటీ ఓటు దానికే.

పత్తి అని కొన్న ఒక ఉండ మీద అనుమానమొచ్చి కొస కాల్చి చూశాం. పత్తి అయితే కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిద మిగలాలి. ఇది కరిగి గట్టి నల్ల పూసయింది. అంటే ప్లాస్టిక్ దారమే. ఊలు మానేసి అక్రిలిక్‌కు మారడం మన తీర్మానం ఉద్దేశం కాదని ఇక్కడ స్పష్టంగా చెబుతున్నాను.

ఒకటి మాత్రం మనకింకా కుదరలేదు. తడిసినా వెచ్చగా ఉండే గుణం పత్తికి లేదు, చలికాలపు మేజోళ్లు ఆశించినట్టు రాలేదు. వాటికి మళ్లీ ఊలే పట్టుకున్న సభ్యుల మీద కమిటీకి ఏ అభ్యంతరమూ లేదు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే సమావేశానికి మీ నమూనా ముక్కలు తెండి, బాగా రానివి కూడా. ఏ దారం, ఏ సూది, ఎన్ని ఉతుకులు అన్నది చీటీ రాసి కుట్టి తెస్తే, అన్నీ కలిపి కొత్త సభ్యుల కోసం ఒక పుస్తకంగా కడతాం.

— కార్యదర్శి