మన ఇంట్లో మూడు కుటుంబాలు

బిడ్డా,

మంచిగున్నావా? ఫోన్లో తెగే ముచ్చట కాదని రాస్తున్నా. సిగ్నల్ కోసం చెరువు కట్ట ఎక్కితే అక్కడ అప్పటికే నలుగురుంటారు. మొన్న నువ్వు "నలభై ఐదు లక్షలమ్మా, ఇంకేం ఆలోచన" అని గట్టిగా అంటే పక్కనున్న వాళ్ళకు వినబడింది. మాపటికల్లా మనం హైదరాబాద్‌లో ఇల్లు కొంటున్నామని ఊరంతా పాకింది. బియ్యం పోసే డీలర్ కూడా నన్ను అడిగాడు.

ఆ నలభై ఐదు ఎట్లా వచ్చిందో ముందు తెలుసుకో. మన అమ్రాబాద్ లాంటి పులుల అడవి నడుమ ఉన్న ఊళ్ళను బయటికి పంపే ప్యాకేజీలో కుటుంబానికి 15 లక్షలు. 2021కి ముందు పది లక్షలే ఉండేది. అయితే వాళ్ళు కుటుంబం అనేది పొయ్యి లెక్కన కాదు. పద్దెనిమిది దాటిన కొడుకైతే పెళ్ళయినా కాకున్నా వేరే కుటుంబం. పద్దెనిమిది దాటి పెళ్ళికాని ఆడపిల్ల వేరే కుటుంబం. భర్త పోయిన ఆడమనిషి వేరే కుటుంబం. ఇట్లా మన ఒక్క ఇంట్లో మూడు కుటుంబాలు తేలాయి: మీ నాయన, నేను, తమ్ముడు కలిపి ఒకటి, నాయనమ్మ ఒకటి, నువ్వొకటి. పంచాయతీ గోడకు అంటించిన లిస్టులో నీ పేరు వేరే వరుసలో ఉంది. మీ నాయన అది చూసి "పెండ్లి చేసి పంపుదామంటే సర్కారే ముందుగాల వేరు కాపురం పెట్టించింది" అని నవ్వాడు. తమ్ముడికి మాత్రం నవ్వు రాలేదు. రెండేళ్ళు ముందు కనలేదని నా మీద అలిగాడు.

సర్వే వాళ్ళతో నేనే తిరిగాను. వయసులన్నీ నా అంగన్‌వాడీ రిజిస్టర్లలో ఉంటాయి కదా. ఆ వారం మన ఇంటికి వచ్చినన్ని టీ గ్లాసులు పండగకు కూడా రాలేదు. "మా వానికి పద్దెనిమిది రాయి వదినా, నాలుగు నెలలే తక్కువ" అని ఒకరు, "మా బిడ్డ పెండ్లి నిరుడు కాలేదనుకో" అని ఇంకొకరు. దక్షిణం వీధిలో పెళ్ళి మాటలు అయిపోయిన పిల్లకు లగ్గం పెట్టకుండా ఆపేశారు. పెళ్ళైతే లిస్టులోంచి పేరు పోతుందట. అబ్బాయి తరఫువాళ్ళు మొదట కోపం చేశారు, సంగతి తెలిశాక వాళ్ళే ఇంకొన్నాళ్ళు ఆగుదామన్నారు. నేను ఎవరికీ ఒక్క నెల కూడా కలపలేదు. అందుకే ఇప్పుడు బోరింగు కాడ నాతో మాట్లాడేవాళ్ళు తగ్గారు.

నువ్వు చెప్పినట్టు పైసలు తీసుకునేది ఒక దారి. రెండో దారి గురించి నీకెవరూ చెప్పలేదు. నగదు వద్దంటే అదే లెక్కలో రెండు హెక్టార్ల సాగు భూమి, అంటే దగ్గర దగ్గర ఐదెకరాలు, ఇంటి జాగా, ఇల్లు ఇస్తారు. రోడ్డు, కరెంటు, నీళ్ళు కూడా దాంట్లోనే. ఇంకొక మాట. ఇది బలవంతం కాదు, చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోవాలి, ఎవరికి వాళ్ళు ఇష్టపడాలి. ఉండిపోతామంటే కూడా నడుస్తుంది. కానీ ఉండేవాళ్ళు ఎట్లా ఉండాలో నీకు తెలియాలి, నువ్వు వెళ్ళినప్పటి ఊరు కాదు ఇది.

యాసంగి పల్లి వేశాం. గింజ పట్టే వేళకు పందులు మొదలయ్యాయి. అవి తినేదానికన్నా తవ్వి పారేసేదే ఎక్కువ, పొద్దున చూస్తే చేనంతా బోర్ల తోసినట్టే. చుట్టూ పాత చీరలు కట్టాం. నీ ఓణీల ఫంక్షన్‌కు నేను కట్టుకున్న ఆకుపచ్చ పట్టు అంచు చీర కూడా తూర్పు గట్టు మీద ఉంది, జరీ రాలిపోయి ముళ్ళకు చిక్కుకుంది. అది కట్టడానికి మనసు ఒప్పలేదు గానీ ఉన్నవాటిలో అదే పొడుగు. వారం రోజులు భయపడ్డాయి, తర్వాత కింద నుంచి దూరాయి. ఇప్పుడు మీ నాయన మంచె మీదే పడుకుంటున్నాడు. నూనె డబ్బా కొట్టి కొట్టి, అరిచి అరిచి గొంతు పోయింది, పగలు మాట్లాడితే సగం సైగలే. పులులు పెరిగితే పందులు తగ్గుతాయంటారు. అడవిలో తగ్గాయేమో, మన చేను కాడ మాత్రం తగ్గలేదు. మీ నాయనకు పులి మీద కోపం లేదు. "2,600 చదరపు కిలోమీటర్ల అడవిలో మన నాలుగు గడపలు దానికి అడ్డమా" అని అడుగుతాడు. నా దగ్గర జవాబు లేదు.

రాత్రి రోడ్డు సంగతి నీకు తెలిసిందే, తొమ్మిదికి మన్ననూరు ఫారెస్టు చెక్‌పోస్టు గేటు పడితే పొద్దున ఆరుకే లేచేది. జంతువులు బండ్ల కింద పడకూడదని పెట్టారు, మంచిదే. అంబులెన్స్‌కు గేటు తీస్తారు, దాంట్లో అబద్ధం లేదు. కానీ అంబులెన్స్‌ను పిలవాలి కదా! మొన్న అమాస రాత్రి పెద్దమ్మ కోడలికి నొప్పులు మొదలైతే తమ్ముడు, ఇంకో పిల్లగాడు బ్యాటరీ లైట్ పట్టుకుని కట్ట మీదికి ఉరికారు. 108 కలిసింది, ఆపరేటర్ "ఊరి పేరు మళ్ళీ చెప్పండి" అనేలోగా కట్ అయింది. మళ్ళీ కలిపారు, మళ్ళీ కట్. ఆ పిల్ల చేయి నా చేతిలో ఉంది, గోళ్ళు దిగిన గుర్తులు రెండు రోజులున్నాయి. ఎట్లాగో బండి వచ్చింది, అచ్చంపేటలో కాన్పయింది, తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్ల. మూడు కిలోలకు కొంచెం తక్కువ, పర్వాలేదు. ఆ రాత్రి నుంచి పెద్దమ్మ ఇంట్లో "పోదాం" అనేవాళ్ళు ఎక్కువయ్యారు.

నాయనమ్మది వేరే పంతం. నీకు చిన్నప్పుడు చెప్పేదా లేదా గుర్తు లేదు, ఆమె పుట్టిల్లు కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డున. శ్రీశైలం డ్యామ్ నీళ్ళల్లో మునిగింది. సోమశిల గుళ్ళను, జటప్రోలు గుళ్ళను విప్పుకుపోయి గట్టు మీద మళ్ళీ కట్టారు. "రాయి రాయికి నంబరేసి తీస్కపోయిండ్రు, మనుషులను మాత్రం పైసలు చేతిలో పెట్టి మీ తొవ్వ మీరు చూస్కోండి అన్నరు" అంటుంది. ఆ పైసలు ఏమయ్యాయో కూడా ఆమే చెప్తుంది. ఒక అన్న లారీలో వాటా పెట్టాడు, ఇంకొకాయన రెండు పెళ్ళిళ్ళు చేశాడు, మిగిలింది కల్లు కాంపౌండ్‌లో కరిగింది. మునిగిన ఇళ్ళకు ఉద్యోగం అని 1986లో 98 నంబరు జీవో వచ్చింది. ఆ కాగితం జిరాక్స్ ఆమె తమ్ముడి దగ్గర ఇప్పటికీ ఉంది, ఆయనకు డెబ్భై దాటాయి. ఇప్పుడు లిస్టులో ఆమె కూడా ఒక కుటుంబం. వేలిముద్ర అడిగితే చేయి కొంగు కింద దాచుకుంది.

2019 యాదికుందా? యురేనియం తవ్వుతారంటే అమ్రాబాద్, పదర ఊళ్ళన్నీ రోడ్డెక్కాయి. నువ్వు స్కూల్ డ్రెస్ మీదే ర్యాలీకి పోయి ఎండకు సొమ్మసిల్లావు. సెప్టెంబర్‌లో అసెంబ్లీ తీర్మానం చేసేదాకా వదల్లేదు. అప్పుడు ఊరంతా ఒకటే మాట, ఎందుకంటే వద్దనడం ఒక్కటే పని. ఇప్పుడు అవునా కాదా అంటే ఒక్క ఇంట్లోనే నాలుగు మాటలు. పోదామనేవాళ్ళు ద్రోహులని ఒకరంటే, ఉంటామనేవాళ్ళు మూర్ఖులని ఇంకొకరు. ఈ తిట్లు నాకు నచ్చవు.

నా వరకు అన్నింటికన్నా నష్టం ఎక్కడ జరుగుతోందంటే ఈ మధ్యలో ఉండటంలో. ఇంటి వెనక పెంకులు జారిపోయాయి. వానకాలంలోగా వేయిద్దామంటే "పోతమో ఉంటమో తేలనీ" అంటాడు మీ నాయన. బడికి గది అడిగితే అదే మాట. 2025 మే నెలలో మాచారంలో ముఖ్యమంత్రి వచ్చి పోడు పట్టా భూములకు సోలార్ మోటార్ల పథకం మొదలుపెట్టాడు కదా, మన పక్క పట్టాల వాళ్ళు దరఖాస్తు పెట్టాలా వద్దా అని ఇంకా కొట్టుకుంటున్నారు. ఇంట్లో గోడకు సున్నం వేయాలన్నా చేయి రావట్లేదు. పోయే ఊరు అన్న పేరు పడితే చాలు, ఎవరూ పోకముందే పనులన్నీ ఆగిపోతాయి.

నా మాట చెప్పమంటే పోవడానికే మొగ్గుతున్నా. తమ్ముడి చదువు, దవాఖాన, ఆ 108 రాత్రి, అన్నీ చూశాక. కానీ పైసలకు కాదు, భూమికి. నువ్వు హైదరాబాద్ పక్కన తుక్కుగూడ దిక్కు ప్లాటు అంటున్నావు. ప్లాటు కొంటే మీ నాయన దాని చుట్టూ తిరిగి ఏం చేస్తాడు? యాభై ఏళ్ళు వచ్చిన మనిషి అపార్టుమెంటు గేటు కాడ వాచ్‌మన్ డ్రెస్ వేసుకోవడమేనా? ఆ భూమి కూడా ముందు కళ్ళతో చూడాలి, బోరు పడుతుందో లేదో అడగాలి, నల్లమట్టా చౌడా చూడాలి. చూపించకముందు సంతకం పెట్టేది లేదని గ్రామసభలో లేచి అడుగుతా. మీ నాయన నా వెనక నిలబడతాడో లేదో తెలియదు, ఇంట్లో ఈ ముచ్చట వస్తే టార్చి తీసుకుని చేనుకు పోతున్నాడు.

నీ వరుసలో సంతకం నీదే. నేను చెప్పానని పెట్టొద్దు, నాయనమ్మ ఏడ్చిందని ఆపొద్దు. నువ్వు నగదే కావాలంటే నీ వంతుకు అదే అడుగు, నేను అడ్డం రాను. ఒకటే కోరిక, హాస్టల్లో కూర్చుని వాట్సాప్‌లో ఒప్పుకోకు. వచ్చి చేను చూడు, నాయనమ్మతో కూర్చో, సభలో నలుగురి మాట విను.

గ్రామసభ ఉగాది తర్వాత అంటున్నారు. తేదీ తెలియగానే తమ్ముడు మెసేజ్ పెడతాడు. సలేశ్వరం జాతర కూడా ఆ దగ్గర్లోనే, చైత్ర పున్నమికి, కాబట్టి బస్సులు కిక్కిరిసి ఉంటాయి, ముందురోజే బయలుదేరు. ఆధార్ మరిచిపోకు, బస్సులో ఆడవాళ్ళ ఉచిత జీరో టికెట్‌కూ అదే, ఇక్కడా అదే. పదో తరగతి మెమో ఒరిజినల్ తీసుకురా, నీ పుట్టిన తేదీ లిస్టులో ఒక అంకె తప్పు పడింది, అది సరిచేయించాలి. సాయంత్రం నాలుగు దాటితే హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో ఎక్కనే ఎక్కకు, గేటు పడితే రాత్రంతా మన్ననూరులో కూర్చోవాలి. నాయనమ్మ బీపీ మాత్రలు రెండు నెలలకు సరిపడా తీసుకో. మీ నాయన గొంతుకు ఏదైనా మందు కూడా అడుగు, సభ నాటికి ఆయన మాట బయటికి రావాలి.

మీ అమ్మ