కౌంటర్ ఏ తేదీకి వేస్తారో మొదటి వాయిదాకే చెప్పండి

తెలంగాణ రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను సంగారెడ్డి జిల్లాలో ఒక చెరువు కింద రెండెకరాలు సాగు చేసుకునే రైతును. ఆ చెరువులోకి ఫ్యాక్టరీ నీళ్లు వదులుతున్నారని మా ఊరివాళ్లం చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు, అంటే పర్యావరణ కేసులు వినే కోర్టుకు, వెళ్లాం. తీరా చూస్తే ఫ్యాక్టరీ కన్నా సర్కారు జవాబు కోసమే ఎక్కువ తిరుగుతున్నాం.

ప్రతి వాయిదాకీ ఒకటే మాట. "ఇన్‌స్ట్రక్షన్స్ రాలేదు, నాలుగు వారాలు టైం కావాలి." ప్రభుత్వ వకీలును తప్పుపట్టను. ఆఫీసు నుంచి పారావైజ్ రిమార్కులు, అంటే మా పిటిషన్‌లోని ఒక్కో పేరాకు జవాబు, వస్తేనే కదా ఆయన కౌంటర్, అంటే కోర్టులో వేసే సర్కారు జవాబు, రాసేది! ఆఖరికి ఆ కౌంటర్ వచ్చింది. వాయిదాకు ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకు, మా వకీలు ఫోన్‌కు, నూట నలభై పేజీల స్కాన్. సగం పేజీలు తలకిందులు. చెరువు ఫొటోలు మాత్రం చక్కగా కనిపిస్తున్నాయి. అలుగు దుంకుతున్నప్పుడు తీసినవి. మేం కేసు వేసిందేమో ఎండాకాలంలో తేలే నురగ మీద. ఆ కట్ట చదివి రిజాయిండర్, అంటే దానికి మా తిరుగు జవాబు, వేయాలంటే ఒక్క రాత్రి చాలదు కాబట్టి మేమే టైం అడిగాం. రికార్డులో ఆ వాయిదా మా ఖాతాలో పడింది.

ఏదైనా ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతి మీద అప్పీలు వేయాలంటే మాలాంటి వాళ్లకు 30 రోజులే. సరైన కారణం చూపిస్తే ఇంకో 60. ఆ తర్వాత ఒక్కరోజు ఆలస్యమైనా వినరు. కేసును ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కూడా ఈ గడువు పెట్టిన 2010 హరిత ట్రిబ్యునల్ చట్టమే చెబుతుంది. మాకేమో గడువు, కేసుకేమో ప్రయత్నం. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో వేసిన కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి ట్రిబ్యునల్‌కు మారి 2017లో తేలింది. కేసు వేసిన ఏడాది ఆ కాలుష్యం పారిన నక్కవాగు పక్కన పుట్టినవాళ్లు తీర్పు నాటికి పెళ్లిళ్లై పిల్లల్ని ఎత్తుకుని ఉంటారు.

అందుకే అడుగుతున్నాను. మీ శాఖ ప్రతివాదిగా ఉన్న ప్రతి కేసులో, మొదటి వాయిదాకే ఇరుపక్షాల వకీళ్లు కూర్చుని తేదీలు రాసుకుని ట్రిబ్యునల్ ముందు పెట్టాలి. కౌంటర్ ఫలానా రోజు, రిజాయిండర్ రెండు వారాల్లో, వాదనలు ఫలానా రోజు. ఇంకా టైం కావాలంటే తీసుకోండి, మాకు అభ్యంతరం లేదు. కానీ ఆ టైంలో పని ఆపుతామని రాసివ్వండి. చెట్లు కొట్టే పని, చెరువు పూడ్చే పని నడుస్తుంటే మాత్రం కౌంటర్ కూడా అంతే వేగంగా రావాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో ఏం జరిగిందో మీకు తెలియనిది కాదు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనే సరికే దాదాపు వంద ఎకరాల్లో చెట్లు పోయాయి. ఆ తర్వాత ఎంత మంచి అఫిడవిట్ వేసినా ఆ చెట్లు లేచి నిలబడవు కదా.

ఇది పెద్ద సంస్కరణేం కాదు. ఒక సర్క్యులర్‌తో అయిపోతుంది. కౌంటర్ ఆలస్యమైతే ఏ అధికారి దగ్గర ఫైలు ఎన్ని రోజులు ఆగిందో ఆ కౌంటర్‌లోనే రాయాలని ఒక్క వాక్యం చేర్చండి, చాలా ఫైళ్లు వాటంతటవే కదులుతాయి.

మా కేసు వచ్చే నెల మళ్లీ ఉంది. ఎండాకాలంలో తీసిన నీళ్ల నమూనాల రిపోర్టు ఇంకా దాఖలు కాలేదు. వారం ముందైనా పంపించమని మీవాళ్లకు చెప్పండి. ఈసారి పేజీలు తిన్నగా పెట్టి స్కాన్ చేయమనండి.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు,
సంగారెడ్డి జిల్లా