మసిగుడ్డతో స్టీరింగ్ పట్టుకునే ఊరి నుంచి

చాండ్లర్, అరిజోనా
ఆగస్టు 20

ప్రియమిత్రమా,

కిందటి వారం ఫోనులో నువ్వు, "రెంటచింతల ఎండలు చూసినవాడివి, నీకు ఎడారి ఒక లెక్కా?" అన్నావు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ, దానికి జవాబు తీరిగ్గా రాయవలసిందే అనిపించింది. ఎండకు ఎండను పోలిస్తే మన పల్నాడు తక్కువ తినలేదు. అయితే మన ఎండ జూన్‌లో నాలుగు వానలు పడగానే సెలవు తీసుకుంటుంది. ఇక్కడిది మే నెలలో వచ్చి కూర్చుంటే దసరా దగ్గరపడే దాకా కదలదు. 2023 వేసవిలో మా పక్కనే ఉన్న ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీలకు, అంటే మన లెక్కలో 43కి, తగ్గలేదు. ఆ నెలంతా నేను ఇక్కడే ఉన్నాను. నన్ను కంగారు పెట్టినవి పగళ్లు కావు, రాత్రులు. మనం డాబా మీద నీళ్లు చల్లి పక్కలు వేసుకుంటే తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునేవాళ్లం. ఇక్కడ అర్ధరాత్రి పెరట్లోకి వెళ్లినా ప్రహరీ గోడ ఆర్పిన పొయ్యిలా సెగ కక్కుతూనే ఉంటుంది.

చన్నీళ్ల కుళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయి కాబట్టి, స్నానానికి రాత్రే బకెట్లు నింపి ఇంట్లో పెట్టుకుంటాము. మా అబ్బాయి మధ్యాహ్నం కారెక్కవలసి వస్తే వంటింట్లోని మసిగుడ్డ వెంట తీసుకువెళ్లి, పొయ్యి మీది గిన్నెను దించినట్టు స్టీరింగ్ పట్టుకుంటాడు. దుకాణాల దగ్గర కార్లు ఆపే తీరు చూడాలి. గుమ్మం ముందు ఖాళీ ఉన్నా ఎవరూ ఆపరు. ఎక్కడో చివర పాలో వెర్డే చెట్టు కింద, జల్లెడలోంచి పడినట్టుండే కాస్త నీడ కోసం పోటీ పడతారు. ఆ చెట్టుకు ఆకులు అంతంతమాత్రమే; పచ్చని బెరడుతోనే ఆహారం తయారు చేసుకుంటుంది. పొదుపంటే అదీ.

అమెరికాలో ఎక్కువ చోట్ల ఏడాదికి రెండుసార్లు గడియారాలు గంట ముందుకూ వెనక్కూ మారుస్తారు గదా, అరిజోనా మాత్రం 1968లోనే ఆ పద్ధతికి దండం పెట్టేసింది (నవాహో అనే ఆదివాసీ తెగవారి ప్రాంతం మినహా). సాయంత్రం పూట సూర్యుణ్ణి ఇంకో గంట కూర్చోబెట్టుకోవాలని ఇక్కడ ఎవరికుంటుంది? దానివల్ల నీకు ఫోను చేసే లెక్క ఏడాది పొడుగునా పన్నెండున్నర గంటలే. నాకు ఉదయం ఆరైతే నీకు సాయంత్రం ఆరున్నర.

కిందటి నెలలో మా ఆవిడ, ఇంత ఎండను ఊరికే పోనివ్వడమేమిటని, పెరట్లో పాత పంచె పరిచి పిండి వడియాలు పెట్టింది. మన ఊళ్లో రెండు మూడు రోజులు పట్టే వడియాలు ఇక్కడ మధ్యాహ్నానికే గలగలలాడాయి. ఆ సంబరంలో, సాయంత్రం తీద్దాంలే అని ఇద్దరమూ కునుకు తీశాము. ఐదింటికి ప్రమాద హెచ్చరికతో ఫోన్లన్నీ ఒక్కసారిగా అరిచాయి. బయటికి వచ్చి చూస్తే దక్షిణాన నేల నుంచి ఆకాశం దాకా గోధుమరంగు గోడ ఒకటి కదిలి వస్తోంది. దీన్ని హబూబ్ అంటారు. ఉరుముల మేఘాల నుంచి కిందికి దూకిన గాలి ఎడారి దుమ్మునంతా ఎత్తుకొచ్చే తుపాను. పంచె నాలుగు కొసలూ పట్టుకునే లోపే అది మా మీద పడింది. ఆ వడియాలను వేయించి చూశాము కూడా, నీతో దాపరికమెందుకు? పళ్ల కింద ఇసుక కరకరలాడింది. తరువాత పది చినుకులు పడ్డాయి. అప్పుడు వచ్చే వాసన మన తొలకరి మట్టివాసన కాదు. క్రియోసోట్ అనే పొద ఆకులు తడిస్తే వచ్చే, కాస్త తారు, కాస్త మందుల కొట్టు కలిసిన ఘాటు. మొదట ముక్కు మూసుకున్నవాణ్ణి, ఇప్పుడు దానికోసమే వాకిట్లోకి వస్తాను.

ఈ ఎడారిలో పచ్చిక పెంచేవారి మీద మాత్రం నాకు సదభిప్రాయం లేదు. ఏడాది మొత్తం మీద ఏడెనిమిది అంగుళాల వాన పడే చోట, కొలరాడో నది నుంచి 540 కిలోమీటర్ల కాలువలో ఎత్తిపోతలతో తెచ్చుకున్న నీళ్లను గడ్డికి పోయడం చూస్తే, 1967లో సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలిననాటి మన పెద్దల ముఖాలు గుర్తుకొస్తాయి. మా ముంగిట కంకరే. ముగ్గుకు వీలుపడదని మా ఆవిడ గొణిగింది గానీ, ఇప్పుడు కారు నిలిపే సిమెంటు నేల మీద పెడుతోంది. తుడిచే వాన లేదు కాబట్టి వారం ఉంటుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకు కాలువ గట్టున నడుస్తాను. వెయ్యేళ్ల కిందట హోహోకమ్ అనే ఇక్కడి ఆదివాసీ జనం చేతి పనిముట్లతో తవ్విన కాలువల జాడల్లోనే ఇక్కడి కాలువలు కొన్ని సాగుతున్నాయి. నాలాంటి వాళ్లు ఆ చీకట్లో చాలామందే కనిపిస్తారు. ఆరున్నరకల్లా అందరమూ ఇళ్లలో దూరి తలుపులు వేసుకుంటాము. మధ్యాహ్నం వీధిలో మనిషన్నవాడు కనపడడు. పలకరించుకోవడానికి అరుగు లేని వేసవి ఇది, దానికి మాత్రం ఇంకా అలవాటు పడలేదు.

చెల్లెమ్మను అడిగినట్టు చెప్పు. వస్తే జనవరిలో రండి. అప్పుడు మన సంక్రాంతి చలే ఉంటుంది, మే నెలలో మాత్రం పిలిచినా రావద్దు. మా ఆవిడ ఇవాళ మళ్లీ వడియాలు పెట్టింది. నేను తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, దక్షిణం వైపు చూస్తూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ మిత్రుడు