అపార్టుమెంటు అప్పగింత: సంతకానికి ముందే లెక్క తేలాలి

సంపాదకులకు నమస్కారం.

కొత్త అపార్టుమెంట్ల సంఘాలు ఎక్కువగా దెబ్బతినేది బిల్డరు దగ్గర్నుంచి నిర్వహణ తీసుకునే రోజునే. గృహప్రవేశాల హడావుడిలో ‘అన్నీ సక్రమంగా అందాయి’ అనే కాగితం మీద సంతకం పెట్టేస్తారు. తర్వాత ఏది అడిగినా బిల్డరు ఆ కాగితమే చూపిస్తాడు.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం, ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి ఊరుకుంటే లాభం లేదు. ఫ్లాటు నంబరు, తేదీ, ఫొటోలతో లేఖ రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోవాలి.

ముందు తేల్చుకోవాల్సింది కార్పస్ ఫండ్, అంటే పెద్ద మరమ్మతుల కోసం ఫ్లాట్ల నుంచి వసూలు చేసి దాచే నిధి. మొత్తం విస్తీర్ణం లక్షన్నర చదరపు అడుగులు, వసూలు అడుగుకు రూ.50 అయితే సంఘం ఖాతాలోకి రూ.75 లక్షలు రావాలి. అమ్ముడుపోని ఫ్లాట్ల వాటా బిల్డరే కట్టాడా లేదా అన్నది చాలామంది అడగరు. తేడా తరచూ అక్కడే వస్తుంది. ఈ డబ్బు వేరే ఖాతాలో ఉండాలి. నెలవారీ జీతాలకు దీన్ని ముట్టుకుంటే, లిఫ్టు రోపులు మార్చాల్సిన నాడు మళ్లీ ఇంటింటికీ తిరగాల్సి వస్తుంది.

యంత్రాలను నడిపించి చూడకుండా తీసుకోవద్దు. టెర్రస్ మీది ఫైర్ హైడ్రెంట్ (మంటలార్పే నీటి గొట్టం) వాల్వు తిప్పితే, ఒత్తిడి పడిపోగానే మెయిన్ పంపు దానంతటదే స్టార్ట్ కావాలి. మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు (ఎస్టీపీ) మామూలు పద్ధతిదైతే, గాలి ఊదే బ్లోయర్ నడుస్తుండగా ఆ గాలి అందే తొట్టిలోని నీటిని లీటరు జాడీలో పట్టి అరగంట కదపకుండా ఉంచండి. గోధుమరంగు మడ్డి 200 నుంచి 300 మిల్లీలీటర్ల దాకా దిగి, పైన నీరు తేటపడితే ప్లాంటు బతికున్నట్టే. నీరు నల్లగా ఉండి కుళ్లు వాసన వస్తే గాలి అందడం లేదు. నేలలో పైపులు, కేబుళ్లు నిజంగా ఎటు వెళ్లాయో చూపే డ్రాయింగులూ పట్టుబట్టి తీసుకోవాలి. అవి లేకపోతే ఒక్క లీకు కోసం సెల్లారు సగం తవ్వాలి. ఉమ్మడి కరెంటు మీటరు పేరు మార్పు, పాత బకాయిలు లేవన్న లేఖ సరేసరి.

ఈ పని యువ ఉద్యోగుల కమిటీతోనే అయ్యేది కాదు. కాలేజీల్లో హాస్టళ్లు, స్టాకు రిజిస్టర్లు, కొటేషన్లు చూసిన పరిపాలనాధికారులు, వ్యాపార సంస్థలకు లెక్కల సలహాలిచ్చిన వారు రిటైరై ఇవే భవనాల్లో ఉంటున్నారు. అప్పగింత కమిటీలో అలాంటివారు ఇద్దరైనా ఉండాలి. రెండు రాష్ట్రాల రెరా అధికారులు తెలుగులో నమూనా అప్పగింత పట్టిక తయారుచేసి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో (భవనంలో నివసించవచ్చన్న అనుమతి పత్రంతో) పాటు ప్రతి సంఘానికీ అందేలా చూడాలని కోరుతున్నాం.

– అపార్టుమెంటు సంఘాల సలహాదారులు, హైదరాబాద్