తప్పులున్న పుస్తకాన్ని ఎందుకు అమ్ముతున్నామంటే

ప్రీ ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకి, మొన్ననే పుస్తకం తీసుకెళ్లినవాళ్లకి, కొందామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లకి కలిపి ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

'ట్రావెలర్' అనేది టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలు పోషిస్తూ ఆడే ఆట. దానితో కలిపి వాడుకునే సైన్స్ ఫిక్షన్ సోర్స్‌బుక్ (గ్రహాలు, ఓడలు, కథలు ఇచ్చే అదనపు పుస్తకం) ఒకటి బయటి దేశం నుంచి తెప్పించామని మీకు తెలుసు. ట్రావెలర్ అసలు ప్రచురణకర్తలది కాదు, వేరే చిన్న సంస్థది. బొమ్మలు చూస్తే కళ్లు తిప్పుకోలేం. కాగితం, బైండింగ్‌కి కూడా వంక పెట్టలేం. లోపలి లెక్కలే తేడా కొట్టాయి. మా షాపులో శనివారం ఆటకి రిఫరీగా, అంటే కథ నడిపేవాడిగా, కూర్చునే ఇంజనీరింగ్ కుర్రాడు సెషన్‌కి సిద్ధమవుతూ ఒక పట్టిక దగ్గర ఆగిపోయాడు. ఆ తర్వాత ఇద్దరం కలిసి క్యాలిక్యులేటర్ పెట్టుకుని పుస్తకమంతా చూశాం.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ట్రావెలర్ 1977లో అమెరికాలో గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ నుంచి వచ్చింది, రూపకర్త మార్క్ మిల్లర్. మంత్రాలూ డ్రాగన్లూ ఉండవు. అప్పు చేసి ఓడ కొని, గ్రహం నుంచి గ్రహానికి సరుకు మోస్తూ, నెలనెలా వాయిదా కట్టుకుంటూ బతికే మనుషుల కథలు ఎక్కువ. ఓడ ధరలో 240వ వంతు ప్రతి నెలా కట్టాలి, 40 ఏళ్లపాటు. అంటే ఈఎంఐ టెన్షన్ మీద నడిచే ఆట. అందుకే ఇందులో అంకెలకి అంత విలువ. కత్తి దెబ్బకి ఎంత నష్టమో ఒక పాయింటు అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోరు కానీ, ఇంధనం లెక్క తప్పితే కథే ఆగిపోతుంది.

ఇంధనంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద తప్పు అక్కడే ఉంది. 200 టన్నుల వర్తక ఓడ ఒకటి ఇచ్చారు (ఈ ఆటలో ఓడ టన్ను బరువుకి కాదు, చోటుకి కొలత). రెండు పార్సెక్కుల జంప్ (నక్షత్రాల మధ్య ఒక్క గెంతు) చేయగలదని రాశారు. పార్సెక్కు అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాల దూరం. నిబంధన ప్రకారం ఒక్కో పార్సెక్కుకి ఓడ మొత్తం టన్నుల్లో పది శాతం హైడ్రోజన్ కావాలి. అంటే 40 టన్నులు. విద్యుత్ ప్లాంటుకి ఇంకో రెండు వేసుకుంటే 42. పుస్తకంలో ట్యాంకు 22 టన్నులే. ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మొదట ఒక పార్సెక్కు ఓడగా గీశారు, తర్వాత ఎవరో ఇంజన్ మార్చారు, ట్యాంకు పాతదే ఉండిపోయింది. ఆ పుస్తకంలోని మొదటి కథ ఏమో రెండు పార్సెక్కుల ఖాళీకి అవతల ఉన్న గ్రహానికి వెళ్లమంటుంది. మధ్యలో ఆగడానికి ఏమీ లేదు. పుస్తకం ఇచ్చిన ఓడతో పుస్తకం ఇచ్చిన కథ ఆడలేం.

సరుకు గదిలోంచి 20 టన్నులు తీసి ట్యాంకుకి ఇస్తే లెక్క కుదురుతుంది. కానీ అప్పుడు సరుకు 80 టన్నుల నుంచి 60కి పడిపోతుంది. పాత నిబంధనల్లో కిరాయి టన్నుకి వెయ్యి క్రెడిట్లు కాబట్టి ప్రతి ట్రిప్పుకి 20,000 క్రెడిట్ల రాబడి పోతుంది. పుస్తకం చివర లాభనష్టాల ఉదాహరణ ఒకటి ఉంది, అందులో ఓడ ప్రతి నెలా కొద్దిగా మిగుల్చుకుంటుంది. సరిచేసిన ఓడతో అది మిగలదు. ఒక తప్పు ఎంత దూరం పాకుతుందో చూడండి.

రెండోది, మా కుర్రాడు మొదట పట్టుకున్న ప్రయాణ సమయాల పట్టిక. సగం దూరం వేగం పెంచుకుంటూ, మిగతా సగం తగ్గించుకుంటూ వెళ్లే ఓడకి పట్టే సమయం లెక్కేయడానికి దూరాన్ని త్వరణంతో భాగించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేయాలి. ఒక జీ (భూమి గురుత్వాకర్షణ అంత) త్వరణంతో లక్ష కిలోమీటర్లకి దాదాపు గంటా నలభై అయిదు నిమిషాలు. పుస్తకంలో ఇది సరిగ్గానే ఉంది. పది లక్షల కిలోమీటర్లకి మాత్రం పదిహేడున్నర గంటలని వేశారు. దూరం పది రెట్లయింది కదా అని సమయాన్నీ పది రెట్లు చేసేశారు. వర్గమూలం సంగతి మర్చిపోయారు. సరైన జవాబు అయిదున్నర గంటలు. దొంగల ఓడ వెంటపడుతున్నప్పుడు సాయం అందడానికి అయిదున్నర గంటలా, పదిహేడున్నర గంటలా అన్నది ప్రాణాలకి సంబంధించిన ప్రశ్న. ఆ వరస కింద ఉన్నవన్నీ ఇలాగే తప్పు. మేం తయారుచేసిన సవరణల కాగితంలో మొత్తం పట్టిక కొత్తగా వేశాం.

ఇక గ్రహాల కోడ్‌లు. ట్రావెలర్‌లో ప్రతి గ్రహానికీ ఒక వరస అంకెలుంటాయి: రేవు తరగతి, పరిమాణం, గాలి, నీరు, జనాభా, ప్రభుత్వం, చట్టం, చివర ఒక గీత పెట్టి సాంకేతిక స్థాయి. పాత ఆటగాళ్లందరికీ తెలిసిన రెజీనా గ్రహాన్నే తీసుకోండి, ఏ788899 అని మొదలవుతుంది. జనాభా అంకె పది మీద ఎన్నో ఘాతమో చెబుతుంది. మన లెక్కలో చెప్పుకుంటే అయిదంటే లక్షలు, ఏడంటే కోట్లు, రెజీనాకున్న ఎనిమిదంటే పదుల కోట్లు. ఈ పుస్తకంలో ఒక గ్రహానికి జనాభా అంకె నాలుగు, అంటే పదివేల లెక్క. పక్క పేరాలో రాజధాని నగరంలోనే మూడు కోట్ల మంది కిక్కిరిసి ఉంటారట. ఇంకో గ్రహానికి చట్టం స్థాయి తొమ్మిది, అంటే ఇల్లు దాటితే ఏ ఆయుధమూ చేతిలో ఉండకూడదు. అక్కడి సంతలో తుపాకులు కుప్పలు పోసి అమ్ముతున్నట్టు వర్ణన!

ఇలాంటివి చూపిస్తే చాలామంది రిఫరీలు చెప్పే జవాబు ఒకటుంది: "సామ్రాజ్యపు స్కౌట్ సర్వీస్ సర్వే పాతది, అందుకే అంకెలు తేడా." అంటే తప్పుని ఆట ప్రపంచంలో గ్రహాల్ని కొలిచి రాసే సంస్థ మీదకి నెట్టేయడం. నాకు ఆ జవాబు ఇష్టమే, కొంతవరకు. తుపాకుల సంత విషయంలో బాగా పనికొస్తుంది కూడా. చట్టం ఒకటి, లంచం ఒకటి అనుకుంటే అక్కడే ఒక మంచి కథ పుడుతుంది. జనాభాకీ సాగదీయొచ్చు. కానీ దాన్ని ప్రతిదానికీ అడ్డం పెట్టుకుంటే డబ్బు పెట్టి కొన్నవాళ్లని మోసం చేసినట్టే. వర్గమూలం తప్పుకి సర్వే ఏం చేస్తుంది?

గాలి విషయంలో మేమే తొందరపడబోయాం. పరిమాణం మూడున్న గ్రహానికి దట్టమైన గాలి ఇచ్చారు. మూడంటే అడ్డుకొలత దాదాపు 4,800 కిలోమీటర్లు, అంగారకుడికన్నా చిన్నది. అంత చిన్నది గాలిని పట్టి ఉంచలేదని ఎర్ర పెన్నుతో గీసేశాం. తర్వాత శని ఉపగ్రహం టైటాన్ గుర్తొచ్చింది. దాని అడ్డుకొలత 5,150 కిలోమీటర్లే, అయినా ఉపరితలం మీద గాలి ఒత్తిడి భూమికి ఒకటిన్నర రెట్లు. అక్కడ చలి మైనస్ 179 డిగ్రీలు కాబట్టి గాలి అణువులు నెమ్మదిగా కదులుతాయి, పారిపోలేవు. సరే, తప్పు కాదేమో అని గీత కొట్టేయబోతుంటే కింది పేరా కనబడింది. ఆ గ్రహం మీద వెచ్చటి సముద్రాలు, తాటి చెట్లలాంటి చెట్లు, ఒడ్డున మాస్కుల్లేకుండా తిరిగే జనం. గీత అలాగే ఉంచాం.

నాకు బాగా నవ్వొచ్చింది మాత్రం ఎర్ర మరుగుజ్జు నక్షత్రం పక్కనున్న గ్రహం. ఒక వైపు ఎప్పుడూ నక్షత్రాన్నే చూస్తూ ఉంటుందని, అటు నిత్యం పగలు, ఇటు నిత్యం రాత్రి అని ఒక పేజీ నిండా చక్కగా వర్ణించారు. తర్వాతి పేజీలో కథ: "సూర్యోదయానికి ముందే రేవు దాటకపోతే కాపలావాళ్లు పట్టుకుంటారు." ఆటగాళ్లు అక్కడ ఎన్నేళ్లు కూర్చున్నా తెల్లారదు. మా టేబుల్ దగ్గర దీన్ని 'కాపలావాళ్ల షిఫ్టు మారేలోపు' అని మార్చుకున్నాం, సరిపోయింది.

మిగతావి చిన్నవి. మ్యాప్‌లో 0307 దగ్గరున్న గ్రహం జాబితాలో 0370 దగ్గరకి పోయింది. చివరి రెండంకెలు నిలువు గడిని చెబుతాయి, సెక్టార్‌కి (మ్యాప్‌లో ఒక పెద్ద భాగం) నిలువు 40 గళ్లే కాబట్టి 70వ గడి అంటూ ఉండదు. కొన్ని కోడ్‌లలో సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లీషు 'ఓ' అక్షరం పడింది. ట్రావెలర్‌లో తొమ్మిది దాటిన విలువలకి ఇంగ్లీషు అక్షరాలు వాడతారు, ఈ గందరగోళం రాకూడదనే వాటిలో 'ఐ', 'ఓ' వాడరు. వ్యవసాయ గ్రహం అనిపించుకోవడానికి జనాభా అంకె అయిదు నుంచి ఏడు మధ్య ఉండాలి. మూడున్నదానికి కూడా ఆ ముద్ర వేశారు, దాంతో ధాన్యం ధర మారిపోతుంది.

ఒకటి మాత్రం తప్పు కాదు, దయచేసి దాని గురించి ఫోన్లు చేయకండి. టన్ను అంటే ఒక చోట 14 ఘనపు మీటర్లు, డెక్ ప్లాన్ (ఓడ లోపలి నక్షా) దగ్గర 13.5 అని ఉంది. టన్ను ద్రవ హైడ్రోజన్ పట్టే చోటు సుమారు 14 ఘనపు మీటర్లు. మీటరున్నర గడి, మూడు మీటర్ల ఎత్తు, అలాంటి గళ్లు రెండు కలిపితే 13.5. గీయడానికి వీలుగా సర్దుకున్న లెక్క అది. అసలు ట్రావెలర్ పుస్తకాల్లోనే ఎడిషన్‌ని బట్టి రెండూ కనబడతాయి.

ఆ మాటకొస్తే ఈ ఆట చరిత్రలోనే తప్పొప్పుల పట్టికకి పెద్ద చోటుంది. 1987లో వచ్చిన మెగాట్రావెలర్ అచ్చుతప్పులకి పేరు మోసింది. అభిమానులే కూర్చుని సవరణలు పోగేశారు. 2013 నాటి ట్రావెలర్5 మీద కూడా ఇలాగే విమర్శలొచ్చాయి, 2019లో సవరించిన రూపంలో మూడు పుస్తకాలుగా వచ్చింది. ఇలాంటి పుస్తకంలో ప్రతి అంకె ఇంకో నాలుగు అంకెలకి వేలాడుతూ ఉంటుంది. ఒకటి మార్చినవాడు మిగతావి చూడకపోతే ఇదే జరుగుతుంది. దీన్ని సాకుగా చెప్పడం లేదు. ఇంత ధర పెట్టిన పుస్తకాన్ని అచ్చుకి పంపేముందు ఆటతో సంబంధం లేని ఇంకొకరి చేత లెక్కలు చూపించి ఉండాల్సింది.

ప్రచురణకర్తకి అన్నీ రాసి పంపాం. మర్యాదగానే జవాబిచ్చారు. తర్వాతి ముద్రణలో సరిచేస్తామన్నారు, ఎప్పుడో చెప్పలేదు. డిజిటల్ కాపీలో ఓడని మాత్రం ఇప్పటికే మార్చారు. మా సవరణల కాగితాన్ని మేమే అచ్చేసి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. స్టాకు వెనక్కి పంపడం కుదరదు, రవాణా ఖర్చే పుస్తకం ధరని మించిపోతుంది. మా డబ్బు ఈ డబ్బాల్లో ఇరుక్కుని ఉంది. నేనిచ్చే సలహాని ఆ విషయం గుర్తుపెట్టుకునే తూచుకోండి.

నా సలహా ఇది. ఎప్పటినుంచో రిఫరీగా ఉంటూ, సెషన్‌కి ముందు రెండు మూడు గంటలు కూర్చుని సిద్ధమయ్యే అలవాటుంటే కొనండి. అందులోని మనుషులు, వాళ్ల తగాదాలు, వర్తక కుటుంబాల మధ్య పాత పగలు నిజంగా బాగా రాశారు. నేను చదివిన వాటిలో అలాంటివి తక్కువ. కొత్తగా ఆట మొదలుపెడుతుంటే మాత్రం వద్దు. కోడ్ తప్పా, మీకు అర్థం కాలేదా అని తేల్చుకోలేక ఆట మీదే విసుగు పుడుతుంది. మీరు ముందు మూల నిబంధనల పుస్తకం ఒక్కటే తీసుకోండి, అది చాలు.

ప్రీ ఆర్డర్ డబ్బు వెనక్కి కావాలంటే ఈ నెలాఖరులోగా ఒక మెసేజ్ పెట్టండి. కారణం అడగం. పుస్తకం తీసుకెళ్లినవాళ్లు కూడా వెనక్కి ఇవ్వొచ్చు, పేజీల్లో పెన్సిల్ గీతలున్నా ఫర్వాలేదు, ఆ గీతల్లో మాకు దొరకని తప్పు ఉండొచ్చు. మిగిలిన కాపీల ధర తగ్గించాం, పూర్తి ధర కట్టినవాళ్లకి ఆ తేడా వాళ్ల ఖాతాలో వేస్తాం. సవరణల కాగితం రెండు పేజీలు, ప్రతి కాపీలో పెట్టి ఇస్తున్నాం. ఇదే పుస్తకం వేరే చోట కొన్నవాళ్లు అడిగినా ఉచితంగా ఇస్తాం.

మ్యాప్ గళ్లన్నీ జాబితాతో సరిపోల్చడం ఇంకా సగమే అయింది. మిగతా సగం మా కుర్రాడి సెమిస్టర్ పరీక్షలయ్యాక చూస్తాం. ఈలోగా రెండో సబ్‌సెక్టార్‌లో (సెక్టార్‌లోని చిన్న భాగం) ఆడుతున్నవాళ్లు జాబితాని పక్కనబెట్టి మ్యాప్‌నే నమ్మండి.