డిస్కో పాటని స్లో చేసేస్తే చాలదండీ

ఎడిటర్ గారికి నమస్కారం. పాత డిస్కో పాటల్ని చిల్‌గా వినే ఎలక్ట్రానిక్ మ్యూజిక్ కింద మార్చేస్తున్నారని మీ ఆదివారం పేజీలో వేశారు కదా, అందులో "పాడు చేస్తున్నారు" అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఈ మార్చడమనేది డిస్కోతోనే ఊపందుకుంది కదండీ, 1970ల్లో టామ్ మౌల్టన్ లాంటి మిక్సింగ్ చేసేవాళ్లు టేపులు కోసి అతికించి మూడు నిమిషాల పాటని రెట్టింపు లాగేవాళ్లు, పన్నెండంగుళాల సింగిల్ (పొడుగు పాట పట్టే పెద్ద రికార్డు) వచ్చింది కూడా అప్పుడే. 1979 జులై 12న చికాగో బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో అంటే పడనివాళ్లు రికార్డుల్ని కుప్పపోసి పేల్చేసినా చావని పాటలు, ఎవరో ల్యాప్‌టాప్‌లో స్పీడు తగ్గిస్తే చస్తాయా?

నా బాధ వేరు. నిమిషానికి 120 బీట్ల పాటని 100కి దించేసి అదే రిలాక్స్ అంటున్నారు. రికార్డుని ఉన్నదున్నట్టు అలా స్లో చేస్తే శ్రుతి మూడు సెమిటోన్ల (అరస్వరాల) కంటే ఎక్కువే కిందికి జారిపోయి సింగర్ నిద్రలో పాడినట్టుంటుంది, సాఫ్ట్‌వేర్‌తో శ్రుతి నిలబెడితే హై-హ్యాట్ (డ్రమ్స్‌లో జంట తాళాలు) టక్కుమని తెగాల్సింది కాస్తా నానిన అప్పడంలా సాగుతుంది. ఇక గ్రిడ్ పిచ్చి ఒకటి, అంటే సాఫ్ట్‌వేర్ సమాన దూరంలో గీసే గీతల మీదకి ప్రతి దెబ్బనీ లాగడం. ఆ రోజుల్లో డ్రమ్మర్ చేత్తో వాయించాడు, కోరస్ దగ్గర ఉత్సాహంలో రవ్వంత ముందుకెళ్తాడు, మళ్లీ వెనక్కొస్తాడు. నేనూ సరదాకి ఒక పాట పట్టుకుని ప్రతి దెబ్బనీ గీత మీదకి లాగాను, రెండు రాత్రులు పట్టింది, వింటే కుట్టుమిషను. చిరాకేసి అదంతా తీసేసి ప్రతి బార్ (తాళంలో ఒక ఆవర్తం) మొదటి దెబ్బ మాత్రమే కలిపి, వయొలిన్లు దాదాపు మొత్తం ఎత్తేసి బేస్, కీబోర్డు ఉంచా, స్పీడు 112 దగ్గరే వదిలేశా, హాయిగా కూర్చుంది! తగ్గించాల్సింది స్పీడు కాదు, గుంపు.

ఇంకోటి, 1977 నాటి 'ఐ ఫీల్ లవ్' పాట గురించి రాస్తూ సింగర్ డోనా సమ్మర్, ప్రొడ్యూసర్ జార్జియో మొరొడెర్ పేర్లేసి అంతా మెషీనే అన్నట్టు రాశారు. సింథసైజర్‌లో కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) శబ్దం దిటవుగా రాక అది కీత్ ఫోర్సీ అనే డ్రమ్మర్‌తో వాయించారండీ. ఈసారి ఆయన పేరు కూడా వేయండి.

ఇట్లు
మీ పాఠకుడు